కోనసముద్రం మూసలో ఉక్కు

హైటెక్ సిటీకి పొరుగున, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, పల్లెల్లో రాకాసిగుళ్ళని పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులను తవ్వినప్పుడు ఇనుప పనిముట్లు బయటపడ్డాయి కనుక, అద్దాల మేడలు లేచిన ఆ నేలకు ఇనుముతో పరిచయం ఈనాటిది కాదు. అయినా మేలైన ఖడ్గమనగానే నేటి యువతకు ముందుగా తోచేది జపాను కటానాయే. దానికి ఏమాత్రం తీసిపోని ఉక్కు నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా ప్రముఖంగా ఉండవలసింది.

జపాను కమ్మరులు ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి, తతర అనే మట్టి కొలిమిలో మూడు పగళ్ళు, మూడు రాత్రులు కాల్చి తమహగనే అనే ఉక్కును తీస్తారు. అది పూర్తిగా కరగని ముద్ద కాబట్టి కర్బనం ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉంటుంది. దాన్ని సమం చేయడానికీ, లోపలి చిట్టెం, అంటే కొలిమి మలినం, వెళ్ళగొట్టడానికీ పదేపదే మడిచి సుత్తితో సాగగొడతారు. చివరకు వెన్నుకు మందంగా, అంచుకు పలచగా మట్టి పూసి, కాల్చి నీళ్ళలో ముంచుతారు.

కోనసముద్రంలో మడతల ప్రసక్తే లేదు. అక్కడి పని మూసలో, అంటే లోహాన్ని కరిగించే మట్టి పాత్రలో, జరిగేది. భూసర్వేలో పనిచేసిన హెన్రీ వాయిసీ చూసి రాసిన వర్ణన ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. పాత కొలిమి పెంకుల పొడిని, వరి పొట్టును, నూనెను కలిపి పిసికిన మట్టితో మూసలు చేసి, రెండు వేర్వేరు చోట్ల ఇనుమును మూడుకు రెండు పాళ్ళలో అందులో వేసి, మూత బిగించి, తిత్తులూదుతూ ఇరవైనాలుగు గంటలు ఎడతెగకుండా కాల్చేవారు. తరువాత నిదానంగా చల్లార్చిన ఉక్కుబిళ్ళకు మట్టి పూసి, మళ్ళీ కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు ఉంచి తీసేవారు. సుత్తిదెబ్బకు లొంగేటంత మెత్తబడేదాకా ఇదే మూడు నాలుగుసార్లు. కత్తి మీద అలల్లాంటి చారలకు మూలం ఈ నిదానమే. సుమారు ఒకటిన్నర శాతం కర్బనమున్న ఆ ఉక్కు నెమ్మదిగా చల్లారేటప్పుడు కర్బనం ఇనుముతో కలిసి ఏర్పరచే గట్టి రేణువులు సాగగొట్టే దశలో వరుసలు కడతాయి; ఆమ్లం తగిలినప్పుడు ఆ వరుసలు తెల్లగా, మిగిలిన లోహం నల్లగా తేలుతుంది.

పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి ఈ ఉక్కును కొనేవారు, తమ దేశంలో చేయబోయి విఫలమయ్యారు. ఐరోపావారు దీన్ని వూట్జ్ అన్నారు. అది మన ఉక్కు అన్న మాటకే వికృతి అని పండితులు చాలామంది భావిస్తారు. జార్జ్ పియర్సన్ 1795లో దీనిపై పరిశోధన పత్రం ప్రకటించగా, తరువాత మైకేల్ ఫారడే కూడా ఇందులోని రహస్యం కోసం శ్రమించాడు.

ఆ కొలుములు ఆరిపోయాక మిగిలినవి చిట్టెపు కుప్పలూ మూసల పెంకులూ. సూక్ష్మదర్శిని కింద ఒక పెంకును పరిశీలిస్తే, మట్టిలో కలిపిన వరి పొట్టు ఆకారం చెదరకుండా నేటికీ కనిపిస్తుంది.