కంటికి కనబడని సొమ్ముకు తాళపుచెవి

మన కుటుంబములలోని యువకులు కొందరు ఇటీవల బిట్‌కాయిన్ మున్నగు క్రిప్టో కరెన్సీని కొనుచున్నారు. అది ఏమిటో, ఎక్కడ ఉన్నదో ఇంటి పెద్దలకు తెలియదు. దానిని కొనుడని గాని, కొనవలదని గాని చెప్పుట మా ఉద్దేశము కాదు. కొన్నవారు పోగొట్టుకొనకుండు మార్గమును మాత్రము ఇచట వివరింతుము.

2009లో ఆరంభమైన బిట్‌కాయిన్‌కు బ్యాంకు లేదు, నోటు లేదు. ఉన్నదెల్ల ఒక పద్దు. దాని నకళ్లు ప్రపంచమందలి వేలాది కంప్యూటర్లలో ఉండును. ఆ పద్దులోని మన సొమ్మును మరొకరికి మార్చుటకు ఒక రహస్య సంఖ్య కావలెను. దానినే ప్రైవేటు కీ అందురు. కీ ఎవరి చేతనుండునో సొమ్ము వారిదే. అది పోయినచో దరఖాస్తు పెట్టుకొనుటకు కార్యాలయము లేదు; తరలిపోయిన సొమ్మును వెనుకకు రప్పించు అధికారియు లేడు.

చాలమంది తాము కొన్నచోటనే, అనగా ఎక్స్ఛేంజిలోనే, నాణెములను ఉంచివేయుదురు. అప్పుడు కీ మన చేతిలో గాక వారి చేతిలో ఉండును. టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014లో దివాలా తీసినప్పుడు, సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయినవని ప్రకటించెను. మన దేశమున 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగల పాలాయెను. ఖాతాదారులు తమ నాణెములను తీసికొనుట నెలల తరబడి నిలిచిపోయెను.

కీని తమయొద్దనే ఉంచుకొనదలచినవారికై ఏర్పడినదే హార్డ్‌వేర్ వాలెట్. ఇది చేతిలో ఇమిడెడి చిన్న పరికరము. ప్రాగ్ నగరమున తయారైన ట్రెజర్ 2014లో ఈ కోవలో మొదటిదిగా వచ్చినది. కీ దీని లోపలనే పుట్టి లోపలనే ఉండును. సొమ్ము పంపదలచినప్పుడు కంప్యూటరు చీటీ వ్రాసి ఇచ్చును; పరికరము లోపలనే సంతకము చేసి, ఆ సంతకమును మాత్రమే వెలికి పంపును. కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము దూరియున్నను కీని చూడజాలదు.

మరి పరికరమే పోయినచో ఏమి గతి? మొదటిసారి సిద్ధపరచునప్పుడు అది తన తెరపై సాధారణముగా 12 గాని 24 గాని పదములను చూపును. ఇవి 2048 ఆంగ్లపదముల పట్టికనుండి ఏరినవి. వీని మర్మము మన నేతగానికి సులభముగా బోధపడును. జకార్డు మగ్గము కాలిపోయినను డిజైను అట్టలు మిగిలినచో మరొక మగ్గముపై అదే అంచు నేయవచ్చును. అట్టల వరుస తప్పినచో డిజైను చెడును. అట్టలు ఎత్తుకుపోయినవాడు మన డిజైనును తన మగ్గముపై నేసికొనును. పరికరము మగ్గము వంటిది; పదములు అట్టల వంటివి. మగ్గముకంటె అట్టలనే భద్రముగా కాపాడవలెను.

పాటింపవలసిన జాగ్రత్తలు:

1. పరికరమును తయారీదారు వద్ద గాని, వారు అంగీకరించిన దుకాణమున గాని కొనవలెను. పదములు ముందే వ్రాసిన కాగితము పెట్టెలో ఉన్నచో అది మోసము.

2. పదములను వరుస తప్పక కాగితముపై వ్రాసి, రెండు వేరువేరు చోట్ల దాచవలెను. నిప్పు, నీరు, చెదల భయమున్నచో ఉక్కురేకుపై చెక్కించక, స్వయముగా చెక్కుకొనవలెను. ఫోటో తీయరాదు, ఫోనులో ఉంచరాదు.

3. ఎవరడిగినను పదములు చెప్పరాదు. 2020లో లెడ్జర్ సంస్థ ఖాతాదారుల చిరునామాలు బయటపడగా, మరుసటి యేడు కొందరికి టపాలో నకిలీ పరికరములే వచ్చినవి.

4. ముందు కొద్ది సొమ్ము పంపి, పరికరమును చెరిపివేసి, పదములతో తిరిగి తెరచి చూడవలెను. కొత్త డిజైనుకు మాదిరి నేసి చూచుట వంటిదే ఇది.

పరికరమున్నంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు. వజీర్‌ఎక్స్‌లో సంతకములు చేసినవారి చేతులలోను హార్డ్‌వేర్ వాలెట్లే ఉండెను. కంప్యూటరు తెరపై కనబడినది ఒకటి, సంతకము పడినది వేరొకటి అని ఆ సంస్థ చెప్పెను. కావున పరికరపు చిన్న తెరపై చిరునామాను, మొత్తమును చదివి పోల్చిన పిమ్మటనే మీట నొక్కవలెను. అర్థము కానిదానిపై సంతకము చేయరాదు.

కడపటి మాట ఇంటివారిని గూర్చి. రహస్యమంతయు ఒక్కని తలలోనే ఉండి, అతనికి ఏమైన జరిగినచో భార్యాబిడ్డలకు చిల్లిగవ్వయు దక్కదు. పరికరము ఎక్కడ ఉన్నదో, పదముల కాగితము ఎక్కడ దొరకునో, ఏ నమ్మకమైన బంధువును అడుగవలెనో తెలుపు ఉత్తరమొకటి వ్రాసి ఇంటి దస్తావేజులతో ఉంచవలెను. ఆ ఉత్తరములో పదములు మాత్రము వ్రాయరాదు. సంపాదించినవారు ఈ పనిని రేపటికి వాయిదా వేయకుందురు గాక.