చీరమేను: చీరతో పట్టే చేప కథ

గోదావరి చేప అనగానే అందరూ పులస పేరే ఎత్తుతారు. పులస వరదనీటితో వస్తది, వెళ్ళిపోతది. అది అయ్యాక దసరా నుంచి దీపావళి దాటేదాకా యానాం, కాకినాడ వైపు చేపల మార్కెట్లలో ఇంకో సందడి ఉంటుంది. అదే చీరమేను. కొందరు చీరమీను అంటారు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

చూడ్డానికి సన్న సేమ్యా ముక్కల్లా ఉంటుంది. దగ్గరగా చూస్తే గానీ అది చేప అని తెలీదు. మామూలు వల వేస్తే కన్నుల్లోంచి జారిపోతుంది. అందుకే చీరను వలలా పట్టుకుని నీళ్ళలోంచి తీస్తారు. పేరు అలా వచ్చిందే.

మరి ఆ రోజుల్లోనే ఎందుకు దొరుకుతుంది? వరద తగ్గి, తూర్పుగాలి తిరిగాక, గోదావరి సముద్రంలో కలిసే చోట గుంపులు గుంపులుగా వస్తాయి. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఆ జాగా, పక్కనే ఉన్న కోరంగి మడ అడవులు చేపపిల్లలకి ఊయలలాంటివి.

అమ్మకం కూడా వేరేగా ఉంటుందండి. కేజీల లెక్క కాదు, సేరు, గ్లాసు, బకెట్ లెక్క. బకెట్ ధర వేలల్లో పలుకుతుంది. వంటలో కోసే పని లేదు. ఇసుక పోయేలా నెమ్మదిగా కడిగి, ఉల్లి, పచ్చిమిర్చి, మసాలాతో వేపుడు చేస్తారు, లేదా చింతకాయతో కూర వండుతారు. గారెలు కూడా వేస్తారు. గరిటె గట్టిగా తిప్పితే మాత్రం ముద్దైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. చీరమేను ఒక రకం చేప కాదు, చేపల పసితనం. పెరిగితే పెద్ద చేపలయ్యే పిల్లలవి. సహజంగానే వేలల్లో కొన్నే బతుకుతాయి కాబట్టి, పట్టినవన్నీ పెద్దవయ్యేవని లెక్కేయడం తప్పు. కానీ అసలు మిగల్చకపోతే ఆ కొన్ని కూడా ఉండవు కదా!

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. చీరమేను వచ్చేది అక్టోబర్, నవంబర్లలో. అంటే తల్లిని కాపాడిన చట్టం పిల్ల దగ్గరికొచ్చేసరికి లేదన్నమాట. తైవాన్ వాళ్ళు కూడా ఇలాంటి చేపపిల్లల్ని ఇష్టంగా తింటారు. అక్కడ మాత్రం ఏటా కనీసం 3 నెలలు ఆ వేట ఆపాలని నియమం పెట్టుకున్నారు.

పూర్తిగా ఆపేయమని నేను అనను. కొన్ని వారాల ఈ సీజన్ మీద ఆధారపడ్డ ఇళ్ళు ఉన్నాయి. సీజన్ మధ్యలో కొన్ని రోజులు చీరలు దించి, వేసవి నిషేధానికి ఇస్తున్నట్టే ఆ రోజులకీ భృతి ఇస్తే బాగుంటుంది. మనం కూడా బకెట్ బదులు గ్లాసుతో సరిపెట్టుకుందాం. రుచి చూడ్డానికి అది చాలండి.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!