గ్రీక్ పెరుగులో అంత ప్రొటీన్ ఎక్కడిది?

అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి రాజమండ్రి తిరిగొచ్చిన మా పిన్ని, ఇక్కడి దుకాణంలోనూ గ్రీక్ పెరుగు కనబడేసరికి ఓ డబ్బా పట్టుకొచ్చింది. మూత తీసి చెంచా గుచ్చితే చెంచా అలాగే నిలబడింది. "కొవ్వు లేదని రాశాడు. మీగడ పొరన్నా లేదు. మరి ఇంత గట్టిగా ఎలా ఉందిరా? పిండేమైనా కలిపాడంటావా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోదాం.

కొవ్వు లేకుండా గట్టితనం ఎలా?

పెరుగును నిలబెట్టేది ముఖ్యంగా కేసీన్ అనే ప్రొటీన్. పాలల్లోని ప్రొటీన్‌లో సుమారు 80 శాతం అదే. తోడులోని సూక్ష్మజీవులు పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. పులుపెక్కేకొద్దీ, అప్పటిదాకా విడివిడిగా తేలుతున్న కేసీన్ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. నీరంతా ఆ వలలో చిక్కుకుంటుంది. మనం తోడుకోవడం అనేది దీన్నే.

కావాలంటే ఇంట్లో చూడండి. పొద్దున్న గిన్నెలోంచి ఒక పక్కగా గరిటెడు పెరుగు తీసి, మిగతాది కదపకుండా వదిలేయండి. సాయంత్రానికి ఆ గుంటలో లేత పసుపుపచ్చని తేట నిలుస్తుంది. వల తెగిన చోట జారిన నీరది. ఆ రంగు అందులో కరిగిన బి2 విటమిన్‌ది.

ఆ తేటను పనిగట్టుకుని వడకట్టేస్తే మిగిలేదే గ్రీక్ పెరుగు. పేరు గ్రీకులది గానీ తుర్కులు, అరబ్బులు కూడా ఎప్పటినుంచో ఇలా చేస్తున్నారు. మహారాష్ట్రలో శ్రీఖండ్ కోసం గుడ్డలో కట్టే చక్కా కూడా దీని చుట్టమే. కొవ్వు లేని రకానికైతే ముందే పాలను గిర్రున తిప్పే యంత్రంలో పోసి వెన్న లాగేసి, తరవాత తోడేసి, చివర్లో తేట తీస్తారు. కిలో పెరుగుకు మూడు నాలుగు లీటర్ల పాలు పడతాయి. పిండి కలపక్కర్లేదు.

మాటవరసకు చెప్పాలంటే, మన చిలికిన మజ్జిగలోనూ కొవ్వు దాదాపు ఉండదు. కాకపోతే మనం వెన్న తీశాక నీళ్ళు పోస్తాం. వాళ్ళు ఉన్న నీళ్ళు కూడా తీసేస్తారు.

మన గేదె పెరుగూ గడ్డే కదా?

గడ్డే. గేదె పాలల్లో కొవ్వూ ఎక్కువే, ప్రొటీనూ ఆవుపాలకంటే కొంత ఎక్కువే. పైగా పిడకల దాలి మీద పొద్దంతా కాగిన పాలల్లో నీరు ఇగిరిపోతుంది. బాగా కాగితే ఇంకో మేలుంది: కేసీన్‌లో చేరకుండా తేటలోకి పోవాల్సిన మిగతా ప్రొటీన్ కూడా వేడికి మెత్తబడి కేసీన్‌ను అంటుకుంటుంది. వల బిగుస్తుంది. సరిగా కాగని పాలు తోడేస్తే పెరుగు నీళ్ళోడేది అందుకే.

అయితే గట్టిగా ఉన్నంత మాత్రాన ప్రొటీన్ ఎక్కువని కాదు. 100 గ్రాముల గేదె పెరుగులో ప్రొటీన్ సుమారు 4 గ్రాములు, కొవ్వు 6, 7 గ్రాములు, శక్తి దాదాపు 100 కేలరీలు. కొవ్వు లేని సాదా గ్రీక్ పెరుగులో ప్రొటీన్ 10 గ్రాములు, కొవ్వు అర గ్రాము లోపు, శక్తి 60 కేలరీల లోపు. చక్కెర కూడా మూడున్నర గ్రాములే. లాక్టోజ్ కొంత సూక్ష్మజీవులు తినేశాయి, కొంత తేటతో పోయింది. పాలు పడనివాళ్ళలో చాలామందికి ఈ పెరుగు పడేది ఇందువల్లే.

మరి కాల్షియం ఎందుకు తక్కువ?

పిన్ని ఇక్కడే ఆశ్చర్యపోయింది. "చిక్కబడితే అన్నీ పెరగాలి కదా?" అంది. పెరగవు. పాలల్లో కాల్షియం చాలావరకు కేసీన్‌ను పట్టుకుని ఉంటుంది. పులుపెక్కగానే ఆ పట్టు వదిలి నీళ్ళలో కరుగుతుంది. తేటతో పాటు బయటికి పోతుంది. అందుకే 100 గ్రాముల గ్రీక్ పెరుగులో కాల్షియం 110 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. ఫాస్ఫరస్ 135 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బి12 విటమిన్ పెరుగులోనే నిలుస్తుంది, శాకాహారులకు అది పెద్ద ఆసరా. కొవ్వును అంటిపెట్టుకుని ఉండే ఎ విటమిన్ మాత్రం వెన్నతోనే వెళ్ళిపోతుంది.

అన్నం తినే మనకు దీంతో పనేమిటి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 300 గ్రాముల అన్నం తింటే వచ్చేది 8 గ్రాములే. అందులోనూ లైసీన్ అనే ముఖ్యమైన భాగం కొరత. పాల ప్రొటీన్‌లో అది దండిగా ఉంటుంది. చివరి ముద్ద పెరుగన్నంతో ముగించాలన్న మన అలవాటు ఈ కొరతను ఎప్పటినుంచో కొంత పూడుస్తోంది. అదే చోట 150 గ్రాముల గ్రీక్ పెరుగు వేసుకుంటే 15 గ్రాములు ఒక్క దెబ్బకి వస్తాయి.

ఇంట్లో ఎలా?

వెన్న తీసిన పాలు లీటరు తీసుకోండి. అవి దొరక్కపోతే డబుల్ టోన్డ్ ప్యాకెట్ చాలు, అందులో కొవ్వు 1.5 శాతం. గేదె పాలైతే కాచి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి మీగడ ఎత్తేయండి. అయినా కొంత కొవ్వు మిగులుతుంది, ఫరవాలేదు. పాలు పొంగాక సన్నసెగ మీద కాసేపు కలుపుతూ మరిగించి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చి చెంచాడు తోడు వేయండి. తోడుకున్నాక గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చిల్లుల గిన్నె మీద ఉతికిన పల్చని పంచె గుడ్డ పరిచి అందులో పోయండి. మన ఎండల్లో బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లోనే నాలుగైదు గంటలు ఉంచండి. పిండొద్దు. 300 గ్రాముల పైచిలుకు పెరుగు మిగులుతుంది.

కిందికి దిగిన తేట పారబోయకండి. జారిన కాల్షియం, బి2 అందులోనే ఉన్నాయి. చపాతీ పిండి కలపడానికి, మజ్జిగ పులుసులో నీళ్ళకు బదులు పోయడానికి పనికొస్తుంది. గ్రీక్ పెరుగుతోనే పులుసు కాయాలంటే శనగపిండి కలిపి సన్నసెగ మీద పెట్టండి, లేకపోతే విరుగుతుంది.

డబ్బా కొనేవాళ్ళు ఏం చూడాలి?

వెనక్కి తిప్పి చదవండి. సాదా రకంలో పాలు, తోడు తప్ప వేరే పేరు ఉండనక్కర్లేదు. పండు రుచుల్లో చేర్చిన చక్కెర ఎంతో చూడండి. కొవ్వు సున్నా అన్న చోట తీపి దండిగా ఉండొచ్చు. రెండేళ్ళ లోపు పిల్లలకు కొవ్వు తీసిన పెరుగు వద్దు, ఆ వయసుకు మీగడ కావాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే ప్రొటీన్ పెంచాలి.

పిన్నికి చివరికి చెప్పింది ఇదే: పిండి కలపలేదు, నీళ్ళు తీశాడు. వెన్న తీసిన లీటరు పాలల్లో ప్రొటీన్ 34 గ్రాములు. దాన్ని మజ్జిగ చేసినా, గుడ్డలో కట్టినా, గ్రీకు పేరు పెట్టి డబ్బాలో అమ్మినా అంతకు ఒక్క గ్రాము పెరగదు.