నకిలీ గింజ మీద దావా వేసేదెవరు?

నకిలీ మిరప గింజ నారుమడిలో పట్టుబడదు. మొలుస్తుంది, పచ్చగా ఏపుగా పెరుగుతుంది. గుట్టు బయటపడేది కాయ పట్టాల్సిన వేళకే. అప్పటికి కూళ్లు, మందులు, పిండి బస్తాల మీద పెట్టుబడిలో పెద్ద భాగం చేనులో పోసేసి ఉంటారు. 2016లో వరంగల్, ఖమ్మం వైపు మిర్చి తోటలు ఇలాగే దెబ్బతిన్నాయి. కాయ లేని చెట్లను రైతులు పీకి పారేశారు.

దుకాణానికి పోతే మొదటి ప్రశ్న, "బిల్లేది?" గింజ తెచ్చింది ఉద్దెరకు. ఖాతా పుస్తకంలో ఒక గీత తప్ప చేతికి కాగితం రాలేదు. రేపు పిండి బస్తా కావాలన్నా తొక్కాల్సింది అదే గడప. అలాంటి దుకాణదారు మీద ఒంటరిగా కేసు వేయమని రైతుకు సలహా చెప్పడం పట్నంలో కూర్చున్నవాళ్లకు తేలికే.

అమెరికాలో ఈ పనికి ఒక మనిషి ఉన్నాడు. ప్రతి రాష్ట్రానికీ ఒక అటార్నీ జనరల్. చాలా రాష్ట్రాల్లో ఆయన్ను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. కొన్నవాళ్లను కంపెనీ మోసం చేస్తే ఆయనే రాష్ట్రం పేరుతో దావా వేస్తాడు. 1998లో 46 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు సిగరెట్ కంపెనీల మెడలు వంచి 20,000 కోట్ల డాలర్లకు పైగా కట్టేందుకు ఒప్పించారు. మన అడ్వకేట్ జనరల్ దారి వేరు. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం ఆయన సర్కారుకు వకీలు, సలహాదారు. కొనుగోలుదారుల కోసం తానుగా కోర్టుకెక్కడం ఆయన కొలువులో లేదు.

అలాగని మన దగ్గర సర్కారు ఎన్నడూ వాదిగా నిలబడలేదని కాదు. నిలబడింది. దానికి దారితీసిన నష్టంలో ఉమ్మడి వరంగల్ జిల్లా వాటా పెద్దదే.

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. తొలి ఏళ్లలోనే వరంగల్ చెల్కల్లో మహికో కంపెనీ మెక్ రకాలు దెబ్బతిన్నాయి. పరిహారం కట్టమని వ్యవసాయ శాఖ అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అసలు పోరు ఆ తర్వాత ధర మీద నడిచింది. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందలకు పైమాటే. అందులో సింహభాగం టెక్నాలజీ రుసుముగా ఆ టెక్నాలజీ ఇచ్చిన మహికో మోన్‌శాంటోకు పోయేది. 2006లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఇదే టెక్నాలజీకి అమెరికా, చైనాల్లో ఇంతకన్నా చాలా తక్కువ తీసుకుంటున్నారని వాదించింది. మే నెలలో, విత్తనాలు వేసే అదునుకు ముందే, రుసుము తగ్గించాలని కమిషన్ మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ప్రభుత్వం ప్యాకెట్ ధరను రూ.750కి కట్టేసింది. మరుసటి ఏడాది పత్తి విత్తన ధరల మీద చట్టమే వచ్చింది. ఇందుకోసం జనగామ పత్తి రైతు కోర్టు మెట్లెక్కాల్సిన పని పడలేదు, బిల్లు చూపాల్సిన పనీ పడలేదు. ప్యాకెట్ ధర మాత్రం సగానికి పైగా దిగింది.

తెలంగాణ వచ్చాక ఆయుధం మారింది. 2016లో నకిలీ మిరప విత్తనాల కేసులో ఒక వ్యాపారిని గూండాగా చూపి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధించారు. మామూలు చట్టాలు ఉండగా ఇదేమిటని 2017లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రభుత్వం వెనక్కి తగ్గకుండా చట్టాన్నే సవరించి విత్తన నేరగాళ్లను పీడీ యాక్ట్ పరిధిలోకి తెచ్చింది. ఈ కసికి కారణం లేకపోలేదు. 1966 విత్తన చట్టం మొదటి తప్పుకు రాసిన జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు! దానికి ఎవడు భయపడతాడు? అయినా వ్యాపారి ఏడాది జైల్లో కూర్చుంటే భూపాలపల్లి రైతు ఖాతాలో పైసా పడదు. శిక్ష వేరు, పరిహారం వేరు. మన సర్కార్లు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపిస్తున్నాయన్నదే నా ఫిర్యాదు.

పరిహారానికి దారి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో జాతీయ విత్తన సంస్థ, వీళ్లు వినియోగదారులే కారని అడ్డం తిరిగింది. విత్తనం కొన్న రైతూ వినియోగదారుడేనని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ల్యాబు పరీక్ష కోసం గింజలు దాచి ఉంచాలని రైతును అడగడం కుదరదనీ చెప్పింది. నాటినవాడి దగ్గర గింజ ఎక్కడుంటుంది? జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుంది. ఖాళీ ప్యాకెట్, దాని మీది లాట్ నంబరు పారేయకుండా ఉంచుకోవడం రైతు చేతిలో పని.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షన్‌లో మాత్రం రైతుల సభల్లో పెద్దగా వినబడని మాట ఒకటుంది. ఫిర్యాదు చేయగలవాళ్ల జాబితాలో రాష్ట్ర ప్రభుత్వం కూడా ఉంది. అంటే మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో వంద తోటలు పోతే వంద మంది విడివిడిగా తిరగాల్సిన పని లేదు. సర్కారే వాది కావచ్చు. రైతు దగ్గర లేని కాగితాలు దానికి అందుబాటులోనే ఉంటాయి: దుకాణానికి ఇచ్చిన లైసెన్సు ఫైలు, స్టాక్ రిజిస్టరు, తనిఖీలో తీసిన శాంపిల్, ల్యాబు రిపోర్టు, తోటకు వచ్చి చూసిన వ్యవసాయాధికారి రాసిన నివేదిక.