భుజాన్ని తన్నని తుపాకి కోసం

భుజానికి ఆనించే షాట్‌గన్ మడమ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా దూరం మామూలుగా 14 అంగుళాలు. సగటు మగవాడి చేతికి కుదిరే కొలత అది. అయిదడుగుల మనిషి ఎత్తితే ముందు చెయ్యి పూర్తిగా చాచాలి, గొట్టం బరువు ఆపడానికి నడుము వెనక్కి వంచాలి. అలా నిలబడి కాలిస్తే తన్ను భుజం కండ మీద కాక ఎముక మీద పడుతుంది. అమెరికాలో ఇంటి రక్షణకు తుపాకి కొనే చిన్న ఒళ్లవాళ్లకు తరచుగా వినిపించే సలహా: తేలికైనది తీసుకోండి. నా దృష్టిలో అది చెడ్డ సలహా.

లెక్క చూడండి. పౌను సీసాన్ని సమానమైన 12 గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు పట్టేది 12 బోర్ గొట్టం, వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లయితే 20 బోర్, 15.6 మిల్లీమీటర్లు. 3.2 కిలోల 12 బోర్ తుపాకి 32 గ్రాముల సీసపు గుళ్లను సెకనుకు 365 మీటర్ల వేగంతో విసిరితే సుమారు 31 జౌళ్ల శక్తితో వెనక్కి తంతుంది. అంతే బరువున్న 20 బోర్, 25 గ్రాముల గుళ్లతో, సుమారు 19 జౌళ్లు. ఆ 20 బోర్‌నే 2.3 కిలోలకు తగ్గించామా, తన్ను మళ్లీ 26 దగ్గరికి చేరుతుంది! చిన్న తూటాతో దక్కిన లాభాన్ని తేలికదనం చాలావరకు తినేసింది.

తన్నునే పనికి పెట్టినవాడు తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్. 1900లో పేటెంటు పొందిన ఆయన ఆటోమేటిక్ షాట్‌గన్ బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారంలో తయారైంది. పేలగానే గొట్టమంతా వెనక్కి జారి ఖాళీ తూటాను బయటికి నెట్టేది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870లో ఆ పని మనిషి చేతిదే. ముందు పిడిని చివరిదాకా వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాలి. చెయ్యి పొట్టిదై, మడమ పొడవైతే ఆ లాగుడు సగంలో ఆగిపోతుంది, తూటా ఇరుక్కుంటుంది.

అసలు మార్పు తెచ్చింది 1963 నాటి రెమింగ్టన్ 1100 అంటాను. గొట్టానికున్న సన్నని రంధ్రాల గుండా పేలుడు వాయువు కాస్త కిందికి మళ్లి పిస్టన్‌ను తోస్తుంది, అది తూటాను మారుస్తుంది. న్యూటన్ లెక్క ప్రకారం మొత్తం తోపు మారదు, అదే తోపు మరికొంత ఎక్కువసేపు పరుచుకుంటుంది. చెంపదెబ్బ లాంటిది గట్టి నెట్టుడుగా మారుతుంది.

అందుకే చిన్న ఒళ్లవాళ్లకు నేను చెప్పేది: వాయువుతో నడిచే 20 బోర్, మూడు కిలోలకు అటూ ఇటూ, మడమ 13 అంగుళాలు లేదా ఇంకా తక్కువ. ఖాళీ తుపాకి మడమను మోచేతి మడతలో ఆనించి చూడండి, వేలి కొస హాయిగా ట్రిగ్గర్‌ను అందుకోవాలి. అందకపోతే మడమ కోయించవచ్చు, పొట్టి మడమతో వచ్చే నమూనాలూ ఉన్నాయి. గొట్టాన్ని మాత్రం కోయకండి. 18 అంగుళాల కంటే తక్కువైతే, అమెరికా 1934 చట్టం కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా ఉంచుకోవడం నేరం.

ఇంట్లో రెండు బోర్లూ ఉంటే తూటాలను వేర్వేరు పెట్టెల్లో పెట్టి తాళం వేయాలి. పొరపాటున 12 బోర్‌లో వేసిన 20 బోర్ తూటా లోపలికి జారి గొట్టంలో చిక్కుకుంటుంది, బయటికి కనిపించదు. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం చేతుల్లోనే పగులుతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేస్తున్నది అందుకే.