పరపతి నివేదికలో తెలియని పద్దు: పైకం కట్టేముందు ఆరా తీయాలి

గుంటూరు యార్డుకు కొత్త మిర్చి రాక పుంజుకునే సరికి వర్తకులకు, కమీషన్‌దారులకు బ్యాంకు క్యాష్ క్రెడిట్ పరిమితి చేతిలో ఉండాలి. మంజూరు పది రోజులు ఆలస్యమైతే అనుకూలమైన బేరాలు చేజారిపోతాయి. పరిమితి ఇచ్చేముందు బ్యాంకు యజమాని, భాగస్థుల వ్యక్తిగత పరపతి నివేదికలు తెప్పించి చూస్తుంది. అందులో తామెరుగని బాకీ కనిపిస్తే ఫైలు అక్కడే నిలిచిపోతుంది.

మొత్తం స్వల్పమైతే కట్టివేసి వదిలించుకుందామనే ఆలోచన కలగడం సహజం. కాని అది నష్టదాయకం. కట్టినవారు ఆ బాకీ తమదేనని అంగీకరించినట్లు భావించే అవకాశం ఉంది. రాజీ మొత్తానికి కడితే నివేదికలో ‘సెటిల్డ్’ అని పడుతుంది. పూర్తిగా కట్టినా, వాయిదా తప్పిన నెలల వివరం వెంటనే తొలగిపోదు. కనుక ముందు పద్దు ఎవరిదో తేల్చుకోవాలి.

2005 నాటి చట్టం కింద ఈ నివేదికలు ఇచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుండి ఒక్కొక్క సంస్థ ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తన నివేదిక తాను చూసుకున్నందువల్ల స్కోరు తగ్గదు. ఒకదానిలో ఉన్న తప్పు మరొకదానిలో ఉండకపోవచ్చు గనుక నాలుగూ తెప్పించుకోవడం మేలు.

పేరు కొత్తదైనంత మాత్రాన పద్దు పరాయిది కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోను విలీనమయ్యాయి. పాత ఖాతాలు కొత్త పేరుతో కనిపిస్తాయి. యాప్ ద్వారా తీసుకున్న అప్పు, వాయిదాలపై కొన్న వస్తువు బాకీ యాప్ పేరున గాక, వెనుక పైకం ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరున ఉంటాయి. మొండి బాకీని వేరే సంస్థకు అమ్మితే ఆ సంస్థ పేరు వస్తుంది. అన్నింటికంటె ముఖ్యం హామీ సంతకం. తోటి వర్తకునికో, బంధువుకో ఏనాడో జామీను ఉన్న అప్పు, హామీదారు నివేదికలో కూడా చేరుతుంది. అందుచేత ఖాతా నంబరు, అప్పు ఇచ్చిన తేదీ, మొత్తం, ‘గ్యారంటర్’ అనే మాట ఉన్నదీ లేనిదీ తమ ఆవర్జాతో సరిచూసుకోవాలి.

‘ఎంక్వయిరీ’ వేరు, ఖాతా వేరు. ఎంక్వయిరీ అంటే ఒక సంస్థ నివేదికను తెప్పించి చూసిందని మాత్రమే అర్థం. అయితే తాము అప్పు అడగని సంస్థ ఎంక్వయిరీ కనిపిస్తే, ఇతరులు తమ పాన్ నంబరు వాడారేమోనని అనుమానించాలి.

పద్దు తమది కాదని తేలితే అప్పిచ్చిన సంస్థకు, నివేదిక ఇచ్చిన సంస్థకు రెండింటికీ ఫిర్యాదు పంపి, ఆ నంబరు, తేదీ భద్రపరచుకోవాలి. అప్పిచ్చిన సంస్థ ధ్రువపరచనిదే నివేదిక సంస్థ తనంత తాను పద్దు మార్చదు. దరఖాస్తు కాగితాలు, సంతకం, పైకం జమ అయిన బ్యాంకు ఖాతా వివరం చూపమని అప్పిచ్చిన సంస్థను అడగాలి. పేరు, పుట్టిన తేదీ కలిసి పొరపాటు జరిగిందా, మోసమా అన్నది సాధారణంగా అక్కడే బయటపడుతుంది. మోసమైతే పోలీసు ఫిర్యాదు అవసరం. సైబర్ నేరాలకు 1930 నంబరు ఉన్నది.

ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కావాలి. ఇందులో సవరించిన వివరం పంపడానికి అప్పిచ్చిన సంస్థకు ఉన్న గడువు 21 రోజులు. 2024 ఏప్రిల్ 26 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, 30 రోజులు దాటిన ప్రతి రోజుకు ఫిర్యాదీకి రూ. 100 పరిహారం రావాలి. జవాబు రాకున్నా, తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. పరపతి నివేదిక సంస్థలు 2022 సెప్టెంబరు 1 నుండి ఆ పరిధిలోకి వచ్చాయి.

నెల రోజుల గడువు చట్టానికి తక్కువే గాని సీజనుకు ఎక్కువ. మిర్చి వర్తకులు దీపావళి నాటికే నివేదికలు తెప్పించి చూసుకుంటే, తప్పు సరిదిద్దించుకుని సరుకు వచ్చే వేళకు బ్యాంకు పరిమితితో సిద్ధంగా ఉండవచ్చు.