నెల జీతమా.. సొంత కాంట్రాక్టా?
సర్వర్ల నిర్వహణ తెలిసిన యువత ముందు కొత్త ప్రశ్న

మార్కాపురం: పీసు లెక్కన చేసే పనికి, నెల జీతానికి ఉన్న తేడాను పలకల పరిశ్రమ ఉన్న మార్కాపురానికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆర్డరు ఉన్నన్నాళ్లు పీసు లెక్కే లాభం. ఆర్డరు ఆగితే ఆ నష్టం పనివాడిదే. ఇప్పుడిదే ప్రశ్న కంప్యూటర్ల రంగంలో పనిచేస్తున్న ఈ ప్రాంత యువతకు ఎదురవుతోంది. హైదరాబాద్, బెంగళూరుల్లో కొన్నేళ్లు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లుగా పనిచేసి, అమ్మానాన్నల దగ్గరుండాలనో, నగరంలో అద్దెలు భరించలేకనో సొంతూరు చేరి కాంట్రాక్టు మీద పనిచేయాలని పలువురు ఆలోచిస్తున్నారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ముందు తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

కాంట్రాక్టు అనే మాటకు మూడు అర్థాలున్నాయి. ఏజెన్సీ ద్వారా ప్రభుత్వ కార్యాలయంలో చేసే అవుట్‌సోర్సింగ్ కొలువు ఒకటి. కన్సల్టెన్సీ పేరోల్‌లో ఉంటూ మరో కంపెనీకి పనిచేయడం రెండోది. ఈ రెండింటిలోనూ పనివాడు ఉద్యోగే. తానే బిల్లు వేసి, తానే పన్ను లెక్క చూసుకుని, పని దొరకని నెలను తానే భరించేది మూడోది. అసలైన కాంట్రాక్టు అదే. కన్సల్టెన్సీల సంగతి తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా సాగిన ఈ మనుషుల సరఫరాపై చైనా పరిశోధకుడు షియాంగ్ బియావ్ 2007లో ఒక పుస్తకమే వెలువరించారు. ప్రాజెక్టుకు, ప్రాజెక్టుకు మధ్య ‘బెంచి’ మీద కూర్చున్న కాలపు భారం చివరకు ఎవరి నెత్తిన పడుతుందో అందులో వివరంగా ఉంది.

లెక్క ఇలా

నెలకు రూ.50 వేలు చేతికందే ఉద్యోగికి రూ.80 వేల కాంట్రాక్టు వచ్చిందనుకుందాం. వినడానికి రూ.30 వేలు అదనం. అయితే వృత్తి సేవగా పరిగణిస్తే చెల్లించే సంస్థ 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. చేతికొచ్చేది రూ.72 వేలు. పట్టుకున్న సొమ్ము పోయినట్లు కాదు. ఏడాదికి రూ.9.60 లక్షల రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే సౌలభ్యం ఐటీ వృత్తివారికి ఉంది. 2025-26 నుంచి కొత్త విధానంలో రూ.12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు కనుక రిటర్ను వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అప్పటిదాకా రూ.96 వేలు చేతిలో ఉండవన్నదే ఇబ్బంది. సేవల రాబడి ఏడాదికి రూ.20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాటితే బిల్లుపై 18 శాతం వసూలు చేసి కట్టాలి.

అసలు దెబ్బ ఖాళీ నెలలది. ఏడాదిలో రెండు నెలలు పని లేకపోతే రాబడి రూ.8 లక్షలకు పడిపోతుంది. నెలకు సగటున రూ.67 వేల లోపే. అందులోంచే ఆరోగ్య బీమా, యజమాని వాటా లేని పొదుపు, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్, రెండో ఇంటర్నెట్ కనెక్షన్ ఖర్చులు తీయాలి. గిద్దలూరులోనో కంభంలోనో ఇంటి నుంచి పనిచేసేవారికి రెండో కనెక్షన్ విలాసం కాదు. అర్ధరాత్రి సర్వరు ఆగితే కరెంటు పోయిందన్న జవాబు ఏ క్లయింటూ వినడు. సెలవు పెడితే ఆ రోజు బిల్లు లేదు. పండగకు పని ఆపినా అంతే.

స్థానికంగా దొరికే పని వేరు. ఆసుపత్రులు, కళాశాలలు, దుకాణాల్లో కంప్యూటర్లు, సీసీ కెమెరాల వార్షిక నిర్వహణ ఒప్పందాలు దొరుకుతాయి. సొమ్ము స్వల్పమే, కానీ నిలకడ ఉంటుంది. దూరపు క్లయింటు ఒక్కరినే నమ్ముకున్నవారికి ఈ చిన్న ఒప్పందాలే ఖాళీ నెలల్లో ఆసరా. ఇక నైపుణ్యం మాటకొస్తే, లైనక్స్ ఆదేశాలు వస్తే చాలన్న రోజులు పోయాయి. సర్వర్లు క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే డేటా కేంద్రాల రీజియన్ ప్రారంభించింది. ఏటా కొంతకాలం, కొంత సొమ్ము చదువుకే పోతాయి. దాన్నీ ఖర్చులోనే రాసుకోవాలి.

ఒప్పందంలో ఏముండాలి?

బ్యాకప్ ఎవరి బాధ్యత, డేటా పోతే నష్టం ఎవరిది, రాత్రి పిలుపులకు విడిగా రుసుము ఉందా, ఎన్ని రోజుల ముందు చెప్పి పని ఆపవచ్చు.. ఇవి కాగితం మీద ఉండాలి. అయినవారే కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే, సర్వరు పాడైన రోజున చుట్టరికం కూడా పాడవుతుంది. బిల్లు ఇచ్చిన నెలా రెండు నెలలకు గాని సొమ్ము రాకపోవడం ఈ రంగంలో మామూలే. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదైన చిన్న సంస్థకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా అడగవచ్చు. ఉన్న ఒక్క క్లయింటుపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎందరికుంటుందన్నది వేరే సంగతి.

కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనివారు, చెల్లెలి పెళ్లో, బోరు అప్పో నెత్తిన ఉన్నవారు ఇప్పట్లో జీతం వదలకపోవడమే మేలు. కాంట్రాక్టు ఇచ్చేందుకు సంస్థ ముందే సిద్ధంగా ఉండి, రెండో క్లయింటు కూడా కనుచూపు మేరలో ఉన్నవారికి లెక్క గిట్టుబాటవుతుంది. ఇంటి రుణం అవసరమైతే జీతం స్లిప్పులు ఉండగానే తీసుకోవాలి. స్వయం ఉపాధివారిని బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. అమ్మానాన్నల పేరిట కంపెనీ ఇచ్చిన బృంద బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. ఫ్లోరైడ్ నీటితో కీళ్లు పట్టేసిన పెద్దలున్న ఇళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆ పాలసీ ఏదో రాజీనామా లేఖ కంటే ముందే చేతికి రావాలి.